బొర్రా గుహల్లో గోస్తనీ నది కనిపిస్తుందా? పెద్దవారితో వెళ్లేవారికి సూచనలు కావాలి

ప్రశ్న – ఎంవీపీ కాలనీ నివాసి

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో కుటుంబంతో బొర్రా గుహలకు వెళ్లాలనుకుంటున్నాము. విశాఖపట్నంలో ఇన్నేళ్లుగా ఉంటూ, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ బొర్రా, అరకు చూసి రమ్మని చెప్పి పంపించడమే తప్ప, మేము స్వయంగా ఆ గుహలోకి దిగింది లేదు. ఈసారి ప్రయాణం కట్టించినవాడు ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయి. వియత్నాంలోని ఫోంగ్ న్యా గుహలో పర్యాటకులు పడవలో కూర్చుని, భూగర్భ నది మీదుగా కొండ లోపలికి వెళ్లే వీడియో ఒకటి చూశాడు. బొర్రా గుహలను గోస్తనీ నది తొలిచిందని బడిలో చెప్పారట. అందువల్ల ఇక్కడ కూడా పడవ ఎక్కవచ్చని, ఎక్కలేకపోయినా కనీసం చీకట్లో పారే నదిని కళ్లతో చూడవచ్చని గట్టిగా నమ్ముతున్నాడు. నేను వెతికి చూసిన చోట్లన్నీ "గోస్తని గుహ గుండా ప్రవహిస్తుంది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాయి. ఎక్కడ ప్రవహిస్తుంది, సందర్శకులకు కనిపిస్తుందా లేదా అన్నది ఎవరూ వివరంగా రాయలేదు.

మాతో పాటు మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. సింహాచలం మెట్లు ఎక్కడం మానేసి చాలా కాలమైంది. అయినా గుహలోని శివలింగాన్ని దర్శించుకోవాలని ఆవిడ కోరిక. ఆవిడను లోపలికి ఎంత దూరం తీసుకెళ్లవచ్చో, రైలు మేలో కారు మేలో, వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక వెళ్లడం మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – రాళ్లపంతులు

భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక ముందు అబ్బాయి సందేహం తీరుస్తాను. దీనికి సరైన సమాధానం తెలియకుండా వెళ్లినవారిలో చాలామంది "నది ఏదయ్యా?" అని గైడును నిలదీసి, చూసిన గుహను కూడా చిన్నబుచ్చుకుని బయటికి వస్తుంటారు. బొర్రాలో పడవ ప్రయాణం లేదు. సందర్శకుల కోసం మెట్లు, కాలిబాట, దీపాలు ఏర్పాటు చేసిన భాగమంతా గోస్తని ఇప్పుడు పారే మట్టానికి చాలా ఎగువన ఉంది. నది అడుగున, లోయలో తన దారిన తాను పోతూ ఉంటుంది. కాబట్టి మీరు నడిచే చోట కాళ్ల కింద నీటి చప్పుడు వినిపించకపోతే, చూడవలసినదేదో తప్పిపోయిందని అనుకోవద్దు.

మరి నది తొలిచిందని బడిలో చెప్పినది అబద్ధమా అంటే, కానే కాదు. వాన నీరు గాలిలోంచి కొంత, అడవి నేలలో కుళ్లే ఆకులూ వేళ్ల మధ్య నుంచి మరింత కార్బన్ డయాక్సైడును కలుపుకుని, బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారి పగుళ్ల గుండా దిగుతుంది. సున్నపురాయి అటువంటి నీటిలో కరుగుతుంది. రాతి పగుళ్లన్నీ నీటితో నిండి ఉన్న కాలంలో ఈ కరగడం అన్ని వైపులా జరిగి పగుళ్లు సొరంగాలవుతాయి, సొరంగాలు పెద్ద గదులవుతాయి. ఇదంతా జరుగుతుండగానే బయట నది తన లోయను మరింత లోతుగా కోసుకుంటూ పోతుంది. నది దిగినకొద్దీ భూగర్భ జలమట్టం కూడా దిగుతుంది, పైనున్న గదుల్లోంచి నీరు జారిపోయి అవి గాలితో నిండుతాయి. బొర్రాలో మనం తిరిగేది, గోస్తని ఖాళీ చేసి కింది అంతస్తుకు మారిపోయిన పాత ఇంట్లో అన్నమాట. అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే, నది లేదని అలగడం మాని గోడల మీద దాని గుర్తులు వెతకడం మొదలుపెడతాడు.

ఆ తరువాతి అధ్యాయమే పర్యాటకులందరూ చూసేది. నీరు జారిపోయిన గదుల్లోకి పైకప్పు నుంచి చుక్కలు దిగుతుంటాయి. ప్రతి చుక్కలోనూ దారిలో కరిగించుకున్న సున్నం ఉంటుంది. గుహలోని గాలి తగలగానే చుక్కలోని కార్బన్ డయాక్సైడు కొంత బయటికి పోతుంది, దాంతో కరిగి ఉన్న కాల్షియం కార్బొనేటు నిలవలేక రాయిగా పేరుకుంటుంది. ఇంట్లో గీజరు కాయిలు మీద పట్టే తెల్లటి గార కూడా దాదాపు ఇదే చర్య వల్ల ఏర్పడేదే. అక్కడ వేడి చేసే పనిని ఇక్కడ గాలి చాలా నింపాదిగా చేస్తుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, చుక్క పడిన చోట నేల నుంచి లేచేవి స్టాలగ్మైట్లు, రెండూ కలిసిపోతే స్తంభం. చిన్న టార్చి ఒకటి తీసుకెళ్లి, బాటకు దగ్గరగా, ఇంకా తడిగా ఉన్న సన్నని స్టాలక్టైటు కొన మీద వెలుగు వేసి చూపించండి. కొనన వేలాడే చుక్క, దాని అంచు చుట్టూ ఉంగరంలా పేరుకున్న పలుచని తెల్లటి గీత కనిపిస్తాయి. ఆ ఉంగరం మీద ఉంగరం పేరుకునే మొదట సన్నని బోలు గొట్టం తయారవుతుంది. ఆ బోలు ఎప్పుడైనా పూడుకుపోతే నీరు బయటి వైపు నుంచి జారడం మొదలుపెట్టి గొట్టాన్ని లావు చేస్తుంది. పిల్లవాడు ఆ చుక్క రాలే దాకా నిలబడి చూస్తే, గుహ ఎలా పని చేస్తుందో నా ఉపన్యాసం కంటే బాగా అర్థమవుతుంది.

బొర్రా రాయి గురించి కూడా ఒక మాట. ఇది సముద్రం అడుగున పేరుకుని అలాగే ఉండిపోయిన మామూలు సున్నపురాయి కాదు. తూర్పు కనుమల ఖొండలైటు శిలల మధ్య చిక్కుకుని, భూమి లోతుల్లో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై, నలిగి మడతలు పడి స్ఫటికాలుగా మారిన సున్నపురాయి. అందుకే దానిలో శంఖాలు, గుల్లల అచ్చులు దొరకవు. చుట్టూ ఉన్న ఖొండలైటు మాత్రం మీకు కొత్తది కాదు, కైలాసగిరి కొండ కూడా ఆ రాయే. గుహలో అక్కడక్కడా కనిపించే ఎర్రమట్టి పైన నేలలోంచి నీటితో పాటు దిగినది.

సమాధానం – కొత్తవలస ప్రయాణికుడు

రాళ్లపంతులు గారు శాస్త్రం చెప్పారు కనుక నేను దారి సంగతి చెబుతాను. బొర్రా విశాఖపట్నం నుంచి సుమారు 90 కిలోమీటర్లు. 2022 జిల్లాల పునర్విభజన తరువాత అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది కానీ, దారి మాత్రం ఎప్పటిలాగే పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగానే. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అరకు వెళ్లే పెద్ద రోడ్డు నుంచి బొర్రాకు దారి విడిపోతుంది.

నా సలహా: పిల్లవాడి కోసం వెళ్లేటప్పుడు రైలు, పెద్దావిడ కోసం వచ్చేటప్పుడు కారు. ఉదయం ఏడు గంటల ప్రాంతంలో విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు ఎక్కితే, కొత్తవలసలో కిరండూల్ మార్గంలోకి మళ్లి, ఘాట్ ఎక్కుతూ, ఒకదాని వెంట ఒకటిగా సొరంగాలు దాటుకుంటూ సుమారు మూడు గంటల్లో బొర్రా గుహలు స్టేషనులో దింపుతుంది. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన మార్గమిది. ఇప్పటికీ ఈ పట్టాల మీద మనుషుల కంటే ఖనిజానికే ఎక్కువ పని. ఈ పట్టాలు సరిగ్గా గుహ పైనుంచే వెళతాయని అబ్బాయికి ముందుగా చెప్పకండి, గుహలో నిలబడినప్పుడు చెప్పండి. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో టిక్కెట్లు సెలవు రోజుల్లో చాలా ముందే అయిపోతాయి. దొరకకపోతే మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన కూర్చోండి, నష్టమేమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. భారీ వానలు కురిస్తే ఈ ఘాట్‌లో కొండరాళ్లు జారి పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోవడం ఉంది కనుక, వాయుగుండం వార్త ఏదైనా ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. అక్టోబరులో మన తీరానికి ఆ వార్తలు కొత్త కావు కదా.

మీ అత్తగారి విషయం. గుహ ముఖద్వారం చాలా విశాలమైనది. పగటి వెలుగు లోపలికి బాగా దూరం వస్తుంది కనుక, ముందు భాగంలో ఆవిడ ఊపిరాడనట్టు ఇబ్బంది పడరు. అయితే ద్వారం దగ్గరి నుంచే మెట్లు మొదలవుతాయి. దిగడం తేలికగానే అనిపిస్తుంది, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలన్న సంగతి మోకాళ్లకు తరువాత తెలుస్తుంది. శివలింగం ఉన్న చోటికి విడిగా నిటారుగా ఎక్కవలసిన మెట్లున్నాయి. అవి ఇరుకు, పైనుంచి కారే నీటితో తడిగా ఉంటాయి. నిజాయితీగా చెప్పాలంటే, సింహాచలం మెట్లు మానేసినవారిని అక్కడికి ఎక్కించకూడదు. మొదటి పెద్ద గది వరకు తీసుకెళ్లి, నెమ్మదిగా చూపించి, ఒకరు ఆవిడతో ఉండిపోండి. కింది నుంచే దణ్ణం పెట్టుకుంటారు. మధ్యాహ్నం భోజన వేళ టిక్కెట్లు ఆపుతారు, సాయంత్రం ఐదు గంటలకు మూసివేస్తారు కనుక, రైలు దిగగానే మరెక్కడికీ పోకుండా నేరుగా గుహకే వెళ్లండి.

చెప్పుల విషయంలో మొహమాటం వద్దు. పట్టు ఉన్న బూట్లే వేసుకోవాలి. గుహలో ఉక్కగా ఉంటుంది, స్వెట్టరు అరకు సాయంత్రానికి దాచుకోండి. బయట కోతులున్నాయి. చేతిలో కవరు కనిపిస్తే అది వాటిదేనని వాటి అభిప్రాయం.

సమాధానం – ఓడ ఇంజినీరు

నేను విశాఖవాడినే. సరుకు ఓడల్లో పనిచేస్తాను. గుహలో పారే నదిని చూడాలన్న మీ అబ్బాయి కోరిక చదివి, స్లొవేనియాలో చూసిన ఒక గుహ గుర్తొచ్చి రాస్తున్నాను. మా ఓడ కోపర్ రేవులో ఆగినప్పుడు దగ్గరలోనే ఉన్న ష్కోత్సియాన్ గుహలకు వెళ్లాము. అక్కడ రేకా అనే నది పట్టపగలు అందరూ చూస్తుండగా సున్నపురాయి కొండలోకి దూరిపోతుంది. భూమి కిందనే ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇటలీలో ట్రియెస్టె పట్టణం దగ్గర టిమావో అనే పేరుతో బయటపడుతుంది. ఈ గుహలను యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోపల నది మీదుగా ఒక సన్నని వంతెన ఉంది. దాని మీద నిలబడితే నది నలభై మీటర్లకు పైగా కింద ఉంటుంది. దీపాల వెలుగులో తెల్లటి నురుగు మాత్రం కనిపిస్తుంది, చప్పుడు మాత్రం పక్కవారి మాట వినిపించనంతగా ఉంటుంది. ఆ వంతెన అంత ఎత్తున ఎందుకు కట్టారా అనుకున్నాను. 1965 వరదలో లోపల నీరు వంద మీటర్లకు మించి లేచిందని విన్నాక అనుమానం తీరింది. కొండ లోపల నీరు పోయే దారి ఇరుకైనప్పుడు, పైన కురిసిన వాన అంతా వెనక్కి తన్ని గుహనే బావిలా నింపేస్తుంది.

ఆ దేశంలోనే పోస్తోయ్నా అనే మరో గుహ ఉంది. దానిని తొలిచింది పివ్కా నది. అక్కడ 1872లోనే గుహ లోపల పట్టాలు వేసి సందర్శకులను బండ్లలో కూర్చోబెట్టి మనుషులు నెట్టేవారు. ఇప్పుడు విద్యుత్ రైలు నడుస్తుంది. అక్కడ కూడా రైలు తిరిగే పై అంతస్తు పొడిగా ఉంటుంది, పివ్కా కింది అంతస్తులో ఉంటుంది. అంటే రాళ్లపంతులు గారు గోస్తని గురించి చెప్పిన కథే అక్కడా జరిగింది. ప్రపంచంలో పేరున్న గుహల్లో నది కాళ్ల కిందికి వెళ్లిపోవడమే ఎక్కువ. పడవలో వెళ్లగలిగేవి అరుదు కనుకనే వాటి వీడియోలు అంతగా తిరుగుతాయి. ఫిలిప్పీన్స్‌లోని ప్యూర్టో ప్రిన్సెసా గుహ అటువంటిదే. అక్కడ భూగర్భ నది నేరుగా సముద్రంలో కలుస్తుంది కనుక, కింది భాగంలో నీటిమట్టం ఆటుపోట్లతో పాటు మారుతుంది.

ఒక తేడా మాత్రం చెప్పకుండా ఉండలేను. ష్కోత్సియాన్‌లో మమ్మల్ని చిన్న జట్లుగా, గైడుతోనే పంపారు. లోపల ఫొటోలు తీయనివ్వలేదు. దీపాలు తెల్లనివి, మేము దాటగానే ఆరిపోయేవి. మన దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల దీపాలు వేసి పెళ్లి పందిరిని చేశారు. రాతి సహజమైన రంగు ఏమిటో కనిపించదు.

ప్రశ్న అడిగినవారు – ఎంవీపీ కాలనీ నివాసి

మీ అందరికీ ఎన్నో కృతజ్ఞతలు. పడవ లేదన్న సంగతి వాడికి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు కానీ, రైలు గుహ మీద నుంచి వెళుతుందన్న మాట నేను దాచలేకపోవడంతో తేరుకున్నాడు. ఇప్పుడు వాడి రెండో ప్రశ్న: ఆంధ్రాలోనే బెలూం గుహల్లో పాతాళగంగ ఉందట, దానికి బదులు అక్కడికి వెళితే నది కనిపిస్తుంది కదా అని. మా అత్తగారి ప్రశ్న వేరు. గోస్తని గుహలో కనిపించకపోతే మరి ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవడానికి ఎక్కడ దొరుకుతాయి అని.

సమాధానం – నంద్యాల నుంచి గాజువాక

బెలూం మా వైపుదే. కొలిమిగుండ్ల మండలం, ఇప్పుడు నంద్యాల జిల్లా. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే సందర్శకులకు తెరిచారు. బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లోనే ఈ గుహల గురించి రాశారు. 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచి పటం గీసింది. 2002లో ప్రజల కోసం తెరిచారు.

పాతాళగంగ నిజమే. సందర్శకులు వెళ్లగలిగిన వాటిలో అదే అత్యంత లోతైన చోటు, పైనుంచి 46 మీటర్లు. అయితే వీడియోల్లోని నదిని ఊహించుకుని వెళ్తే అక్కడా నిరాశే. అది రాతి సందులో నుంచి వచ్చి, కొద్ది దూరం కనిపించి, మళ్లీ రాతిలోకి మాయమయ్యే చిన్న ప్రవాహం. దానిని చూస్తే నీరు ఎంత తక్కువగా ఉన్నా దారి ఎలా చేసుకుంటుందో తెలుస్తుంది, నాకు అందుకే ఇష్టం.

రెండు గుహల స్వభావమే వేరు. బెలూంది కడప బేసినులోని నార్జి సున్నపురాయి. పొరలు దాదాపు బల్లపరుపుగా పరిచినట్టు ఉంటాయి. నీరు ఆ పొరల వెంట, వాటిని కోసే పగుళ్ల వెంట అడ్డంగా సాగింది కనుక, గుహ కూడా పొడవైన నడవలుగా, మలుపుల మీద మలుపులుగా ఏర్పడింది. గోడల మీద చెయ్యి ఎత్తు వరకు నీరు నునుపు చేసిన వంపులు కనిపిస్తాయి. అక్కడ నది గుర్తులు బొర్రా కంటే స్పష్టంగా చదవవచ్చు. బొర్రా ఎత్తుకు ప్రసిద్ధి, బెలూం పొడవుకు. కానీ బెలూంలో చాలాచోట్ల వంగి నడవాలి, లోపల గాలి తక్కువ కనుక పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతారు, అయినా చెమటలు కారతాయి. మోకాళ్ల నొప్పులున్నవారిని రాత్రంతా రైల్లో కూర్చోబెట్టి తెచ్చి, ఆ ఇరుకు నడవల్లో వంచి నడిపించడం న్యాయం కాదు. ఈసారికి బొర్రా వెళ్లండి. అబ్బాయి కాస్త ఎదిగాక, ఎండాకాలం కాని రోజుల్లో, మీరిద్దరూ బెలూం రండి. యాగంటి కూడా చూసుకుని వెళ్లవచ్చు.

సమాధానం – అనంతగిరి బడి

నేను అనంతగిరి మండలంలో ఉపాధ్యాయుడిని. బొర్రాలో గైడుగా పనిచేసేవారిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల గిరిజన గ్రామాల యువకులే. టిక్కెట్టు తీసుకున్న తరువాత గైడు ఎందుకని చాలామంది వద్దంటారు కానీ, మీరు మాత్రం ఒకరిని వెంట తీసుకెళ్లండి. శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం, మొసలి అంటూ వాళ్లు చూపించే ఆకారాలు పిల్లవాడికి సరదా. మీ అత్తగారికి మాత్రం ఆవు కథ చెప్పించండి. గుహ పైన మేస్తున్న ఆవు కప్పులోని రంధ్రం గుండా లోపల పడిపోతే, దానిని వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి శివలింగంలా ఉన్న రాయి కనిపించిందని, ఆవును కాపాడినది ఆ శివుడేనని మా వైపు చెప్పుకుంటారు. ఆ లింగం కూడా చుక్క చుక్కగా పేరుకున్న స్టాలగ్మైటే అని బడిలో నేను పాఠం చెబుతాను. శివరాత్రికి అదే పిల్లలతో కలిసి వరుసలో నిలబడి దానికి దణ్ణం పెట్టుకుంటాను. నాకు ఇందులో ఇబ్బందేమీ లేదు. శివరాత్రి రోజుల్లో మాత్రం గుహ చూడాలనుకునేవారు రాకపోవడమే మంచిది. అది భక్తుల రోజు.

రంగుల దీపాల గురించి ఓడ ఇంజినీరు గారు అన్నదానితో సగం ఏకీభవిస్తాను. రంగులు పోతే పిల్లలు కొంచెం నొచ్చుకుంటారు, పెద్దగా నష్టం లేదు. అసలు నష్టం దీపం ఎంతసేపు వెలుగుతుందన్న దానిలో ఉంది. ఏ రంగుదైనా, గంటల తరబడి వెలిగే దీపానికి దగ్గరగా ఉన్న రాయి మీద పచ్చటి పాచి పడుతుంది. చీకట్లో మొలవవలసినది కాదది. మీరు వెళ్లినప్పుడు దీపం చుట్టూ ఆ పచ్చ మరకను, కొద్ది అడుగుల దూరంలో చీకట్లో ఉన్న రాయి అసలు రంగును పక్కపక్కన చూడండి. అలాగే కాలిబాట పక్కన మనిషి చెయ్యి అందే ఎత్తులో రాయి నల్లగా, జిడ్డుగా నిగనిగలాడుతుంటుంది. చేతుల జిడ్డు అంటిన చోట కొత్త సున్నం సరిగ్గా పేరుకోదు. అబ్బాయికి ముట్టుకోవద్దని ఊరికే చెప్పే బదులు ఆ నల్లటి గీత చూపించండి.

ఇంకొక విషయం ఈ గుహ గురించి రాసేవారు సాధారణంగా వదిలేస్తారు. ఈ కొండల్లో కాల్సైటు వంటి ఖనిజాలకు ధర ఉంది. బొర్రా పరిసరాల్లో ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులోనే, షెడ్యూల్డు ప్రాంతంలోని, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతంలోని, భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. దేశమంతటా షెడ్యూల్డు ప్రాంతాల గురించి మాట్లాడేవారు సమత తీర్పు అంటూ ఉదాహరించేది ఈ ఊరి కేసునే. టిక్కెట్టు వరుసలో నిలబడినప్పుడు చుట్టూ ఉన్న కొండలను ఆ దృష్టితో కూడా ఒకసారి చూడండి.

నీళ్లు చల్లుకోవడానికి చోటు అడిగారు. బొర్రాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో కటికి జలపాతం ఉంది, అది గోస్తనీ నీరే. జీపులో వెళ్లినా చివర కొంత నడవాలి. వానలు వెనక్కి తగ్గిన కొత్తలో నిండుగా ఉంటుంది. కానీ ఆ జీపు కుదుపులకు పెద్దావిడ నడుము గురించి నేను హామీ ఇవ్వలేను.

సమాధానం – రాళ్లపంతులు

జలపాతం దాకా వెళ్లలేకపోతే మీ అత్తగారికి అంతకంటే సులువైన దారి ఉంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, గుహను దాటుకుని, మైదానంలోకి దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో తాటిపూడి దగ్గర 1960లలో ఈ నదికి ఆనకట్ట కట్టారు. విశాఖపట్నానికి వచ్చే తాగునీటిలో ఒక భాగం ఆ జలాశయానిదే. కారులో తిరిగి వస్తారు కనుక ఎస్.కోట దగ్గర పక్కకు తిరిగి తాటిపూడి గట్టు మీద ఆగండి. మెట్లు లేవు, జీపు లేదు, సూర్యాస్తమయానికి ముందు చేరితే కొండలు కూడా కనిపిస్తాయి. గుహలో కనిపించని నది అక్కడ కంటికి ఆనేంత విశాలంగా ఉంటుంది. మరో ఆదివారం అబ్బాయిని భీమిలికి తీసుకెళ్లి అదే నది సముద్రంలో కలిసే చోటు చూపించండి, వాడి పాఠం పూర్తవుతుంది.

గుహను విలియం కింగ్ జార్జ్ అనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అధికారి 1807లో కనుగొన్నారని మీరు చాలాచోట్ల చదువుతారు. ఆ సంస్థే 1851లో ఏర్పడింది కనుక ఆ తేదీని అబ్బాయి ప్రాజెక్టు పుస్తకంలో రాయించకండి. ఎలాగూ ఆ కొండల్లో పశువులు మేపుకునేవారికి గుహ తెలియనిది ఎప్పుడు? ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం వారు ఈ గుహల ప్రాంతంలో పాత రాతియుగపు పనిముట్లను గుర్తించారు. రాయించదలచుకుంటే అది రాయించండి.

స్టాలక్టైటు ఏడాదికి ఎంత పెరుగుతుందని వాడు తప్పక అడుగుతాడు. నీరు, గాలి, పైనున్న అడవిని బట్టి మారుతుంది కానీ, మిల్లీమీటరులో పదో వంతు అనుకోవడం పరిపాటి. ఆ లెక్కన వాడి చిటికెన వేలంత పొడవు పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో రైల్లో వాడితోనే లెక్క వేయించండి. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా ఆపి, వెలుగు రాగానే మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది కనుక బొర్రా స్టేషను వచ్చేదాకా సరిపోతుంది.